మెదడులో పోగు చిక్కుపడితే



రింగుఫ్రేములో నాతో పనిచేసిన తిరుత్తణి అన్న ఒకాయన పోయిన నెల తిరువళ్లూరులో రైలు దిగి, మా ఇంటి దారి తెలీక స్టేషన్లోనే కూర్చుండిపోయినాడు. ముప్పై ఏళ్లుగా వచ్చే ఇల్లు! ఇంట్లోవాళ్లు "వయసైంది, అంతే" అన్నారు. నాకు మనసొప్పక ఆస్పత్రికి తీసుకుపోయినాను. డాక్టరమ్మ కాగితం మీద గీసి చెప్పింది. మనం నూలు పనివాళ్లం, మనకు తొందరగా అర్థమవుతుంది.

నరాల కణానికి పొడుగాటి తోక ఉంటుంది. నడుము నుంచి పాదం దాకా పోయే తోక ఇంచుమించు ఒక మీటరు. దాని లోపల కంటికి కనపడనంత సన్నటి గొట్టాలు. ట్యూబులిన్ అనే ప్రోటీను ముక్కలు వరసగా చేరి ఆ గొట్టాలు కట్టుకుంటాయి. కణానికి కావలసిన సరుకు, శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు కూడా వాటి వెంబడే పోవాల.

గొట్టాలు కట్టుకోడానికి, విడిపోకుండా నిలవడానికి సాయం చేసేది 'టౌ' అనే ఇంకో ప్రోటీను. 1975లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వాళ్లు దాన్ని కనుక్కున్నారు. పడుగు పోగుకు గంజి ఎట్లనో, గొట్టానికి టౌ అట్ల. టౌకి ఫాస్ఫేటు మరీ ఎక్కువగా అంటుకుంటే పట్టు వదిలేస్తుంది. ఊడిన టౌ ఒకదానితో ఒకటి పెనవేసుకుని చిక్కుపడుతుంది. గొట్టాలు బలం తప్పుతాయి, సరుకు ఆగుతుంది, కణం నీరసించి చచ్చిపోతుంది. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో జరిగేవాటిలో ఇదొకటి.

ఇది పిచ్చి కాదు, మొండితనమూ కాదు. దీన్ని పూర్తిగా నయంచేసే మందు ఇంకా రాలేదు. కానీ అన్ని మరుపులూ ఇదే కాదు. థైరాయిడ్ తేడా వల్ల, బి12 తక్కువై వచ్చే మరుపు మందుతో తగ్గొచ్చు. అందుకే ముందు చూపించుకోవాల.

ఇంకొక మాట. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది మతిమరుపు రోగుల వివరాలు చూసి, 2013లో ఒక సంగతి బయటపెట్టింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందంట, చదువు రానివాళ్లలో కూడా. మనకు బయట అరవం, ఇంట్లో తెలుగు. మనవళ్లతో తెలుగు మానొద్దు.

ఇప్పుడు అన్న జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంటుంది. ఆదివారాలు నేనే తిరుత్తణి పోతున్నా. అడిగిందే పదిసార్లు అడుగుతాడు. పదిసార్లూ చెప్తా. చిక్కుపడిన పోగును విసురుగా లాగితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?