తవ్వే చేతులు మనవి, రాసే చేతులు ఎవరివి?

సీమలో బీడు భూముల్లో, గుట్టల వాలుల్లో పెద్ద రాళ్ళు గుండ్రంగా పాతి ఉంటాయి. నడుమ బండలతో కట్టిన గూడు, పైన మూతబండ. వీటిని కొన్ని ఊర్లల్లో పాండవగుళ్ళు అంటారు, ఎక్కువచోట్ల రాక్షసగుళ్ళు అంటారు. అవి గుళ్ళూ కావు, అందులో రాక్షసులూ లేరు. ఇనుము కాల్చి కొట్టడం నేర్చిన కాలపు మనుషుల సమాధులవి. రెండువేల ఏండ్లకు పైబడినవి. తమవాళ్ళ ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు లోపల పెట్టి మూసిపోయినారు.

మరి సమాధిని రాక్షసగుడి అనమని మనకు నేర్పింది ఎవరు? మన చెవుల్లో పురాణం పోసినోళ్ళే. తమకు లొంగనివాళ్ళంతా వాళ్ళకు రాక్షసులే. 1873లోనే మహాత్మా ఫూలే 'గులాంగిరి'లో ఈ సంగతి బయటపెట్టినాడు. ఈ నేలను కాపాడుకున్నోళ్ళకే రాక్షసులని పేరు పెట్టినారని చెప్పినాడు.

బూడిద దిబ్బల కథా ఇదే. బళ్ళారి దగ్గర కుడితినిలో పెద్ద దిబ్బ ఉంది. భీముడు చంపిన హిడింబాసురుని బూడిద అంటారు. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలిని కాల్చిన బూడిద అంటారు. ఎక్కడ చూసినా చచ్చింది వాళ్ళే, చంపింది దేవుడే! అసలు సంగతి వేరే. రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే ఆయన 19వ శతాబ్దంలోనే ఇది కాలిన పేడ అని చెప్పినాడు. 1957లో ఆల్చిన్ అనే ఇంగ్లీషు పండితుడు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఇది ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) దిబ్బను పొరలు పొరలుగా తవ్వినాడు. పశువుల దొడ్డి చుట్టూ గుంజలు పాతిన గుంతలు దొరికినాయి. పశువుల గిట్టల అచ్చులు కూడా దొరికినాయి. నాలుగువేల ఏండ్ల కిందట ఆవులు తొక్కిన అడుగులు! ఆ విషయాన్ని 1963లో పుస్తకంగా అచ్చేసినాడు. మన పక్కనున్న అనంతపురం జిల్లా పాలవాయిలోనూ ఇట్లాంటి దిబ్బనే తవ్వినారు.

అన్నలారా, అక్కలారా, ఒక్క నిమిషం ఆలోచించండి. కోటలకంటే ముందు, గోపురాలకంటే ముందు ఈ నేలమీద మనిషి నిలబెట్టింది ఒక పేడకుప్ప. ఈ రోజుకీ పేడ ఎత్తే చేతులు ఎవరివో చెప్పాల్నా?

ఆ కాలపు ఊర్లల్లో దొరికిన ఎముకల్లో పశువులవే ఎక్కువ. వాటిమీద కోసిన గాట్లు, కాల్చిన గుర్తులు ఉన్నాయి. అంటే ఆవును మేపినోళ్ళే ఆవును తిన్నారు. మన కడప జిల్లాలోనే హనుమంతరావుపేట వంటి చోట్ల తవ్విన మట్టిని నీళ్ళల్లో కడిగి మాడిన గింజలు ఏరినారు. ఉలవలు, పెసలు, అండుకొర్రల జాతి చిరుగింజలు దొరికినాయి. మన ముసలోళ్ళు తాగిన ఉలవచారు ఎంత పాతదో చూడండి.

ఇక్కడ ఒక మాట తెగేసి చెప్పాల. ఆ ఎముకలు మాదిగలవా, మాలలవా అంటే ఎవరూ తేల్చలేరు. మేమూ తేల్చం. మా తాతలు రాజులని బోర్డు రాసుకోవాలనే ఆశ మాకు లేదు. పశువును మేపడం, కోయడం, తినడం తప్పు కాని కాలం ఒకటి ఈ నేలమీదనే ఉండింది. అది మాకు చాలు. అంటరానితనం మొదటినుంచీ లేదని, చరిత్రలో ఒకకాలంలో పుట్టిందని అంబేద్కర్ 1948లో పుస్తకం రాసి వాదించినాడు. పుట్టింది చస్తాది కూడా. 'మీరు అనాదిగా ఇంతే' అనేవాని నోరు మూయించే సాక్ష్యం మన కాళ్ళకిందనే ఉంది.

మరి ఆ సాక్ష్యం ఎవరి చేతిలో ఉంది?

తవ్వకం అంటే ఏందో మన కూలోళ్ళకు బాగా తెలుసు. నేలను చదరాలుగా కొలిచి తాడు కడతారు. జానెడు జానెడు దించుతారు. మట్టి జల్లెడ పడతారు, పెంకు పెంకుకూ నంబరు వేస్తారు. గడ్డపార దెబ్బ శబ్దం మారంగానే 'సార్, కింద బండ ఉంది' అని చెప్పేది మనోడు. మట్టి రంగు మారంగానే ఆపేది మన అక్క. ఆ పక్కనే కాలేజీ పిల్లోళ్ళు కూర్చొని నోటుబుక్కులో రాసుకుంటారు. వాళ్ళకు అది బడి, మనకు అది కూలి. పని ముగిసినాక వాళ్ళకు పట్టా, మనకు మస్టరులో వేలిముద్ర. పుస్తకం ఇంగ్లీషులో అచ్చయితాది. పెంకులు పెట్టెల్లో పట్నం పోతాయి. ఊర్లో గుంత మిగులుతాది.

పక్క జిల్లాలో బనగానపల్లె దగ్గర జ్వాలాపురం సంగతి చూడండి. సుమత్రా దీవిలో 74 వేల ఏండ్ల కిందట టోబా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద గాలికి వచ్చి జ్వాలాపురం లోయలో పడింది. ఆ బూడిద కిందా పైనా కూడా మనుషులు వాడిన రాతి పనిముట్లు దొరికినాయి. ధార్వాడ నుంచి కొరిశెట్టర్, ఇంగ్లండు నుంచి పెట్రాగ్లియా, వాళ్ళ జట్టు తవ్వి 2007లో 'సైన్స్' పత్రికలో అచ్చేసినారు. అంత పెద్ద విపత్తు దాటి మనుషులు ఇక్కడే బతికినారని వాళ్ళ వాదన. ప్రపంచంలో పండితులంతా జ్వాలాపురం పేరు చదివినారు. ఆ చుట్టుపక్కల మన పల్లెల్లో ఎంతమంది పిల్లోళ్ళు ఆ సంగతి తెలుగులో చదువుకున్నారు? ఇది ఒక్క ఊరి ప్రశ్న కాదు, తవ్విన ప్రతి ఊరిదీ.

'ఇది ఎట్ల మారుతాది, చదువుకున్నోళ్ళ పని కదా' అనేవాళ్ళకు అమెరికా సంగతి చెప్తాం. అక్కడ న్యూమెక్సికో, కొలరాడో ఎడారి నేలల్లో ప్యూబ్లో జనం వేలయేండ్లుగా ఉన్నారు. వాళ్ళ పాత ఊర్లను తెల్లోళ్ళు తవ్వినారు. పేకోస్ అనే ఊరిని 1915 నుంచి 1929 దాకా కిడ్డర్ అనే ఆయన తవ్వి, ఎముకలను హార్వర్డు విశ్వవిద్యాలయానికి పంపినాడు. ఆ ఊర్లో చివరగా మిగిలిన కొద్దిమంది 1838లోనే జేమెజ్ అనే ఊరికి వలస పోయినారు. వాళ్ళ మనవలు మరచిపోలేదు. ఆదివాసులంతా కొట్లాడితే 1990లో చట్టం వచ్చింది. 1999లో దగ్గర దగ్గర రెండువేల మంది ఎముకలను హార్వర్డు తిరిగి ఇచ్చింది. జేమెజ్ జనం వాళ్ళను పేకోస్ మట్టిలోనే మళ్ళీ పాతిపెట్టుకున్నారు.

ఇంకొకటి. ఆ పాత జనాన్ని పండితులు 'అనసాజీ' అని రాసేవాళ్ళు. అది నవాహో భాష మాట, పాతకాలపు శత్రువులని అర్థం చెప్తారు. 'మా తాతలను శత్రువులంటారా' అని ప్యూబ్లో జనం ఎదురు తిరిగినారు. ఇప్పుడు పండితులు చాలామంది 'ప్యూబ్లోల పూర్వీకులు' అనే రాస్తున్నారు. కొలరాడోలో 1983లో మొదలైన క్రో కాన్యన్ తవ్వకాల బడి ఆదివాసీ పెద్దలను సలహాకు కూర్చోబెట్టుకుంటాది. అక్కడ శత్రువు అనే పేరు పోయినప్పుడు ఇక్కడ రాక్షసుడు అనే పేరు ఎందుకు పోదు?

మనలో కొందరు అడుగుతారు: 'భూమి లేదు, కూలి గిట్టదు, ఇంటిజాగా లేదు, మనకు ఎముకల గోల ఎందుకప్పా?' న్యాయమైన ప్రశ్నే. జవాబు చుండూరులో ఉంది. 1991 ఆగస్టు 6న చంపిన మనవాళ్ళను ఊరి నడిమధ్యనే పాతిపెట్టి రక్తక్షేత్రం అన్నారు. ఎందుకు? సమాధి అంటే హక్కు కాబట్టి. 'మేం ఇక్కడోళ్ళం' అని చెప్పే పట్టా కాబట్టి. ఈ రోజుకీ ఎన్నో పల్లెలకు శ్మశానం లేదు, శవం మోసుకుపోను దోవ లేదు. చచ్చినోళ్ళకు జాగా లేనోళ్ళను బతికినప్పుడు ఊర్లోవాళ్ళుగా ఎవరు లెక్కపెడతారు?

ఇంకో పక్క గుప్తనిధులని పిచ్చిపట్టినోళ్ళు రాత్రిపూట సమాధులు పగలగొడతాన్నారు. లోపల బంగారం లేదు, ఎముకలు, కుండలే ఉంటాయి. తవ్వను మన పిల్లోళ్ళను కూలికి పిలుస్తారు. పట్టుబడితే జైలు మనోనికి, పిలిచినోడు ఇంట్లో ఉంటాడు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాల, లేకపోతే శిక్ష. ఆ కూలికి ఎవరూ పోవద్దు.

లింగాల నుంచి మేం అడిగేది ఇది:

1. ఎక్కడ తవ్వినా ఆ ఊరి మాలపల్లె, మాదిగపల్లె చదువుకున్న పిల్లోళ్ళకు కూలిపని కాదు, నేర్చుకునే చోటు ఇయ్యాల.
2. తవ్విన సంగతి తెలుగులో రాసి, ఊర్లో సభపెట్టి చదివి వినిపించాల.
3. పుస్తకంలో తవ్విన కూలోళ్ళ పేర్లు ఉండాల.
4. బడి పుస్తకాల్లో రాక్షసగుళ్ళను పాతకాలపు మనుషుల సమాధులని రాయాల.
5. క్వారీలకు, పొక్లెయిన్లకు బలి కాకుండా వాటిని కాపాడాల.

ఐదోది సర్కారు చేసేదాకా కాచుకోబళ్ళేదు. పల్లెకొక కుర్రోడు, ఒక ఆడబిడ్డ నోటుబుక్కు తీసుకోండి. మీ ఊరి పొలిమేరలో ఇట్లాంటి రాళ్ళు యాడ ఉన్నాయో, ముసలోళ్ళు వాటిని ఏమంటారో రాసి పెట్టండి. తాకొద్దు, తవ్వొద్దు, రాయండి. గడ్డపార పట్టిన చేతికి కలం కొత్త కాదు.

జై భీమ్!