ఉద్యోగం వస్తాదా అన్నా?

ఆత్మకూరులో మా ఇంటి వెనక వేపకొమ్మకు ఒక సిమెంటు గోతం వేలాడుతుంటుంది. నిండా ఇసుక. ఇంటర్ చదివే పక్కింటి కుర్రాడు చేతులకు పాత పంచె పేలికలు చుట్టుకుని, తెల్లవారకముందే దాన్ని గుద్దడం మొదలుపెడతాడు. గోతం పిగిలినచోట వాళ్ళమ్మ దబ్బనంతో కుట్టింది. మొన్న వాళ్ళ నాన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "నువ్వైనా చెప్పన్నా వాడికి. ఈ గుద్దులాటతో ఉద్యోగం వస్తాదా?"

ఇలా అడిగే తండ్రుల్ని వెక్కిరించడం సులువు. నాకు నోరు రాలేదు. బాక్సింగ్ చరిత్రలో సగం ఆ ప్రశ్నలోనే ఉంది. అందుకే ఆయనకు అమెరికా బాక్సర్ బార్నీ రాస్ కథ చెప్పాను.

షికాగోలో ఒక పేద యూదు కుటుంబం. తండ్రి రబ్బీ, అంటే వేదం చదువుకున్న మన పంతులు లాంటివాడు. బతుకుతెరువుకు చిల్లరకొట్టు. కొడుకూ గ్రంథాలే చదవాలని ఆయన ఆశ. 1923లో దొంగలు కొట్లోకొచ్చి ఆయన్ను కాల్చి చంపారు. తల్లి మనసు చెదిరింది. చిన్నపిల్లలు ముగ్గురూ అనాథాశ్రమం, చుట్టాల ఇళ్ళ పాలయ్యారు. పద్నాలుగేళ్ళ కుర్రాడికి మిగిలింది ఒకటే పంతం. సంపాదించాలి, వాళ్ళను ఇంటికి తెచ్చుకోవాలి. రసోఫ్‌స్కీ అన్న ఇంటిపేరు రింగులో రాస్ అయింది.

1933లో టోనీ కాన్జొనెరీని ఓడించి ఒకే రాత్రి రెండు ప్రపంచ టైటిళ్ళు గెలిచాడు. మరుసటేడు జిమ్మీ మెక్‌లార్నిన్ మీద మూడోది. 1938 మే 31న హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ పదిహేను రౌండ్లు చితకబాదాడు. ఆపేద్దామని తనవాళ్ళు బతిమాలినా రాస్ ఒప్పుకోలేదు. ఓడాడు గానీ పడలేదు. అదే ఆఖరి పోటీ. ఎనభైకి పైగా పోటీల్లో అతన్ని నాకౌట్ చేసినవాడు లేడు. తర్వాత రెండో ప్రపంచయుద్ధానికెళ్ళి గ్వాడల్‌కెనాల్‌లో గాయపడ్డాడు. నొప్పికిచ్చిన మార్ఫిన్ వ్యసనమైతే, 1946లో తనంతట తానే ఆస్పత్రిలో చేరి బయటపడ్డాడు.

ఆ కాలంలో యూదు ప్రపంచ చాంపియన్లు ఇరవై మందికి పైనే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వాళ్ళ పిల్లలకు కాలేజీలు, కొలువులు అందాయి. రింగులో ఆ పేర్లు పలచబడ్డాయి. కడుపు నిండాక గుద్దులు తినాలని ఎవరికుంటుంది?

అలాగని ఆకలి ఒక్కటే చాంపియన్‌ను చెయ్యదు. అదే చాలితే మన మెట్ట ప్రాంతంలో వీధికొకడు ఉండాలి. నేర్పే చెయ్యి కూడా కావాలి. ఉదయగిరిలో చెక్కగరిటెలు చేసే ఇంట్లో పిల్లవాడు ఆకురాయి పట్టు తప్పితే, పక్కనున్న పెద్ద చెయ్యి వెంటనే సరిచేస్తుంది. నిజామాబాద్ పిల్లలకు అలాంటి చెయ్యి బాక్సింగ్ శిక్షకుడు శంసముద్దీన్. ఆయన కొడుకు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చి, సైన్యంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆయన దగ్గరే ఓనమాలు దిద్దిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది, 2024లో తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ.

కాబట్టి ఉద్యోగం రాదని అనలేం. కానీ అది కొండకొమ్మున ఉన్నవాళ్ళకే వస్తోంది. కొండ ఎక్కించేవాళ్ళు మన వైపు లేరు. నెగ్గి వచ్చినవాళ్ళకు కోట్లు ప్రకటించడం మంచిదే. అందులో పిసరంత ముందే ఖర్చుపెట్టి ఆత్మకూరుకొకరు, ఉదయగిరికొకరు జీతమిచ్చి శిక్షకుణ్ణి వేస్తే, సిమెంటు గోతాన్ని గుద్దే పిల్లవాడు కనీసం మణికట్టు విరగ్గొట్టుకోకుండా ఉంటాడు.

ఇదంతా విని ఆ తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. టైటిళ్ళ గురించి అడగలేదు, డీఎస్పీ గురించీ అడగలేదు.

"ఆ చిన్నపిల్లోళ్ళు ముగ్గురూ ఇంటికొచ్చారా అన్నా?"

వచ్చారన్నాను. తువ్వాలు దులిపి భుజానేసుకుని లేచాడు. మర్నాడు చూస్తే వేపకొమ్మకు కొత్త గోతం ఉంది.

– పెన్నావాసి