అతుకు కనబడు బొమ్మలు

పరిశోధన గ్రంథములకు బొమ్మలేల యను ప్రశ్న మన విశ్వవిద్యాలయములందలి భాషాశాఖలలో గట్టిగా చర్చకు వచ్చినట్లు కానరాదు. శాసనమైనచో దాని ఛాయాప్రతి, తాళపత్రమైనచో ఒక పుట నకలు, మాండలికమైనచో ఒక పటము. ఇంతకు మించి బొమ్మ చేర్చుట పండితుని మర్యాదకు లోపమను భావము మనలో పాతుకొని యున్నది. మొన్నమొన్నటివరకు నేనును ఆ భావము గలవాడనే. బిలాస్‌పూరు రైల్వే కాలనీలోని తెలుగు కుటుంబములనుండి మేము సేకరించిన పాటలను, సామెతలను, పనిమాటలను అచ్చునకు సిద్ధము చేయుచుండగా, అచటి పిల్లలు కాగితపు ముక్కలు అతికించి చేసిన బొమ్మలను సంకలనమున చేర్చవలెనా వలదా యను వివాదము మాలో మాకే పుట్టినది. చేర్చవలెననువారిలో నేనొకడను. ఆ బొమ్మలకు ప్రేరణ ఒక ఫ్రెంచి ఇంజనీరు కూర్చిన సంగీతమని చెప్పినచో విజ్ఞులు కొందరు నవ్వవచ్చును. నవ్వుటకు ముందు రెండు పుటల ఓపిక వేడుచున్నాను.

బిలాస్‌పూరు పేరు వినగానే బెంగాలీ చదివినవారికి రవీంద్రుని 'పలాతక' (1918) లోని 'ఫాంకీ' స్ఫురించును. రోగపీడితయైన భార్యతో ప్రయాణించు భర్త బండి మారుటకై ఆగిన స్టేషను అదియే. తెలుగు పుస్తకములలో అంతటి ప్రసిద్ధి ఆ స్టేషనుకు లేకున్నను, తెలుగువారి జీవితములలో దానికి చోటు కలదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1891 నాటికి నాగపూరునుండి ఆసన్సోలు వరకు మార్గము పూర్తిచేసినది. బిలాస్‌పూరు ఆ దారిలో ముఖ్యమైన కూడలి. 1902లో అదే కంపెనీ కటకము, విజయనగరముల నడిమి తూర్పుతీరపు మార్గమును చేపట్టినది. 1931లో పార్వతీపురము, రాయపూరుల మార్గము పూర్తియైనది. ఉత్తరాంధ్రమునుండి పనివెదకుకొని పడమటికి పోవుటకు దారి ఆ విధముగా ఏర్పడినది. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము వచ్చినది. 2003లో బిలాస్‌పూరు ఒక రైల్వే జోనునకే ప్రధానస్థానమైనది. నేడు ఆ కాలనీలో చదువుకొనుచున్న పిల్లలు మూడవ, నాలుగవ తరమువారు. ఇంట తెలుగు మాటలాడుదురు, బడిలో హిందీ వ్రాయుదురు. తెలుగు వారికి చెవిలో ఉన్నది, కంటిలో లేదు.

ఈ సంగతి మనస్సున బెట్టుకొని పియేర్ షెఫేర్ కథ వినవలెను. ఆయన (1910–1995) ఫ్రెంచి రేడియోలో పనిచేసిన ఇంజనీరు. 1948లో పారిస్‌లోని బాతిన్యోల్ స్టేషనుకు పోయి ఇంజనుల కూతలను, ఆవిరి విడుపులను, చక్రముల చప్పుళ్లను రికార్డు చేసికొని వచ్చి, వానిని విడదీసి, తిరిగి కూర్చి, సుమారు మూడు నిమిషముల రచనయొకటి చేసెను. దాని పేరు 'రైలుదారుల సాధన' యని తెనిగింపవచ్చును. అదే సంవత్సరము అక్టోబరు 5వ తేదీన పారిస్ రేడియో దానిని ప్రసారము చేసినది. అప్పటికి ఆయన చేతిలో టేపు లేదు; గ్రామఫోను పళ్లెములే యున్నవి. పళ్లెముమీది గాడిని దానిలో దానికే కలిపి మూసినచో సూది అచటనే తిరిగి తిరిగి ఒకే చప్పుడును మరల మరల పలికించును. నేడు ఎలక్ట్రానిక్ సంగీతమున సర్వసామాన్యమైన ఆవృత్తికి ఆ మూసిన గాడి ఒక పూర్వరూపము. శాస్త్రముగా చెప్పవలెనన్న, యంత్రముచే పుట్టించిన స్వరములతో 1951నుండి జర్మనీలోని కొలోన్ రేడియోలో జరిగిన కృషి వేరు, షెఫేర్ చేసినది వేరు. ఆయన దానిని మూర్తసంగీతమనెను. అయినను ఎలక్ట్రానిక్ సంగీతచరిత్రలన్నియు ఆయనను మూలపురుషులలో ఒకనిగా లెక్కించును. మన దేశమున 1969లో అహమ్మదాబాదు జాతీయ డిజైను సంస్థలో మూగ్ సింథసైజరు నెలకొల్పబడినపుడు, గీతా సారాభాయి మొదలగువారు ఆ దారినే మరియొక వైపునుండి త్రొక్కిరి.

ఆ మూడు నిమిషముల రచనను బిలాస్‌పూరులో ఒక వేసవి మధ్యాహ్నము పిల్లలకు వినిపించితిమి. మా ఉద్దేశ్యము చిన్నది: సేకరించిన పనిపాటలకు బొమ్మలు కావలెను, పిల్లలు గీసిన రైళ్లన్నియు ఒక్క తీరుననే యుండెను. పొగగొట్టము, మూడు పెట్టెలు, మీద సూర్యుడు. అందుచే గీయుటను నిషేధించితిమి. చప్పుడు విని, కాగితము కత్తిరించి, అతికించుటయే. నేల కాగితముగా చేతితో చేసిన దళసరి కాగితము తెప్పించితిమి. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండ రవ్వంత మైలుతుత్తము కలిపిన జిగురు. (మన కోరుట్లలో ఒకప్పుడు చేతికాగితము తయారగుచుండెడిదని ఆ పిల్లలకు చెప్పితిని గాని వారికి కోరుట్ల యెచటనో తెలియదు.) ముక్కలకు ఇండ్లలోని పాతకాగితమే చాలినది: వెనుకటి అట్టటిక్కెట్లు, రైళ్ల వేళల పుస్తకములు, ఖాకీ కవర్లు, కార్బను కాగితము, శుభలేఖలు, తెలుగునాటినుండి ఏటేట వచ్చు పంచాంగములు. ఒక బాలుడు పెట్టెల తలుపులప్రక్క అంటించెడి రిజర్వేషను పట్టికనొకదానిని తెచ్చెను. 2018 మార్చి నుండి పెద్ద స్టేషన్లలో వానిని అంటించుట మానివేసిరి. అంతకుముందు ప్రతి బండియు ఒంటినిండ కాగితములు అంటించుకొనియే కదా బయలుదేరెడిది!

కత్తెర పంచాంగము మీదికి పోగానే పని ఆగినది. ఆ యింటి మామ్మగారు అడ్డము వచ్చిరి. నాకును లోలోపల అదే సంకోచము; కాలికి కాగితము తగిలినచో కన్నులకద్దుకొను వారము మనము. చెల్లిపోయిన పంచాంగము ఎవరికిని పనికిరాదని పిల్లలు వాదించిరి. ఆమె కొంత యోచించి యిచ్చిన తీర్పు ఇది: "పాత పంచాంగమైతే ఏటి, అచ్చరం అచ్చరమే. కొయ్యాలంటే సుట్టూ కొయ్యండి, నడుమ కొయ్యకండి." అనగా అక్షరమును ఖండింపరాదు. ఆ నియమమువలన ప్రతి యక్షరము చుట్టును తెల్లని అంచు నిలిచినది, బొమ్మలకు ఒక విచిత్రమైన తీరు వచ్చినది.

అందొక బొమ్మను గూర్చి విస్తరించి చెప్పక తప్పదు. తెలుగు చదువురాని ఒక బాలిక పంచాంగమున చక్రములకై వెదకినది. మన ఠకారపు ఒత్తు ఆమెకు దొరికినది: సున్న, నడుమ చుక్క. ఇరుసుతోగూడిన చక్రమే. జ్యేష్ఠమాసమున, జ్యేష్ఠా నక్షత్రమున అవి కావలసినన్ని. కాని మామ్మగారి నియమమున్నది. ఒత్తును మాత్రము వేరుచేసినచో అక్షరము ఖండితమగును. కనుక 'ష్ఠ' మొత్తమును కత్తిరింపవలసివచ్చినది. ఆ బాలిక దానిని చూచి సంతోషించెను. చక్రము మీద పెట్టె కూడ వచ్చినది గదా! ఎనిమిది 'ష్ఠ'లను వరుసగా అతికించి, షెఫేర్ మూసిన గాడివలె అదే వరుసను క్రింద మూడు మారులు తిరిగి అతికించినది. అంతయు అయిన పిమ్మట "ఇదేమని చదవాలి?" అని అడిగినది. చెప్పితిని. అటుపిమ్మట ఆ గదిలోని పిల్లలందరును ష్ఠ, ష్ఠ, ష్ఠ యని అరవసాగిరి. షకారమున ఆవిరి, ఠకారమున పట్టాల దెబ్బ. ముప్పదియేండ్లుగా వర్ణమాలను బోధించుచున్నను, మూర్ధన్యములకు ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు తట్టలేదు.

ఇక షెఫేర్ సిద్ధాంతమునకు వచ్చెదను. చప్పుడును దాని కారణమునుండి వేరుచేసి వినవలెనని ఆయన మతము. పిథాగొరసు శిష్యులు తెరవెనుక నుండి గురువు మాటలను విన్నారన్న కథను ఆయన 1966లో ప్రకటించిన సంగీతవస్తువుల గ్రంథమున ఆధారముగా తీసికొనెను. తెరలో రైలు లేదు, ఇంజను లేదు. వినబడునది శుద్ధమైన ధ్వనివస్తువు. చదువురాని పిల్లకు తెలుగక్షరము అట్టిదే: పలుకులేని ఆకారము. ఈ పోలిక నాకు మొదట చాల ముచ్చట గొలిపినది. దానిపై ఒక వ్యాసము వ్రాయ నుద్యమించితిని కూడ.

వ్రాయకుండుట మంచిదైనది. ఆవిరి కాలమున ఫైర్‌మన్‌గా చేరి, పిమ్మట విద్యుత్ ఇంజను డ్రైవరై, విశ్రాంతి తీసికొనుచున్న పెద్దాయన ఒకరు ఆ రికార్డును విని, అరనిమిషము గడువకముందే చేయెత్తిరి. "ఇది గాడీ చాలూ అయిన సప్పుడు కాదు మాస్టారూ. కాలీ ఇంజిను షంటింగు సేత్తంది. ఎనకాల లోడు లేదు, ఇనండి." షెఫేర్ ఎంత జాగ్రత్తతో కట్టిన తెరయైనను ఆయన చెవిముందు నిలువలేదు. ఆ చప్పుడులో ఆయనకు బరువు వినబడును, ఒక మనిషి చేయుచున్న పని వినబడును. మన దేశమున 1995 నాటికే బ్రాడ్‌గేజి మార్గములలో ఆవిరియింజనుల సాధారణసేవ ముగిసినది. ఆ పిల్లలకు శుద్ధధ్వనిగా వినబడినది, ఆయనకు జీవితమై వినబడినది. షెఫేర్ సయితము తన సిద్ధాంతముతో తృప్తిపడి చనిపోలేదు. 1986లో ఒక సంభాషణలో, సప్తస్వరములకు వెలుపల సంగీతము సాధ్యము కాదని, తన కృషి వ్యర్థమైనదని చెప్పుకొనెను. అంత కఠినమైన తీర్పును నేను ఒప్పుకొనను; కాని తెరవెనుకనే నిలిచిపోవు ధ్వనికి గతి లేదని ఆయనకు తోచియుండునని తలచుచున్నాను.

కావున నా అభిప్రాయమిది. షెఫేర్ చేతిపనిని గ్రహింపవలెను, ఆయన సిద్ధాంతమును విడువవలెను. కోయుట, మరల మరల పేర్చుట, అతుకును దాచకుండుట నేర్చుకొనదగినవి. ముక్క యెచటనుండి వచ్చినదో మరచిపొమ్మనుట మనకు పనికిరాదు. పరరాష్ట్రమున పెరుగు తెలుగునకు ముక్క యొక్క పుట్టుకయే ప్రాణము. శుభలేఖలమీద చదువురాని అలంకారముగా మిగిలిపోవుచున్న తెలుగును చూచుచున్నాము. మన బొమ్మలు కూడ అక్షరమును వట్టి అలంకారము చేసినచో ఆ పాపములో పాలుపంచుకొన్నవారమగుదుము. మామ్మగారి నియమము ఈ విషయమున సిద్ధాంతకర్త మాటకంటె బలమైనది.

సహాధ్యాపకులు కొందరు రెండు ఆక్షేపణలు చేసిరి. ఇది పిల్లల ఆటయని మొదటిది. పికాసో, బ్రాక్‌లు 1912లో వార్తాపత్రిక ముక్కలను, అచ్చువేసిన కాగితములను చిత్రమున అతికించినపుడు అదే మాట వినబడినది. మాతీస్ తన ముదిమిలో కత్తెర పట్టి చేసిన చిత్రములు 1947లో 'జాజ్' అను పేర గ్రంథమైనవి. పేరే సంగీతమునకు చెందినది. శాంతినికేతనమున వినోద్ విహారి ముఖర్జీ 1957లో చూపు పూర్తిగా కోల్పోయిన పిమ్మట కాగితములను కోసి చిత్రములు కూర్చిరి. ఆటయే యైనచో, గొప్పవారు ఆడిన ఆట. ఇంతకంటె దీనిపై చర్చ అనవసరము.

రెండవ ఆక్షేపణము గట్టిది. శాస్త్రీయ సంకలనమున బొమ్మ పాఠమునకు సహాయపడవలెను గాని దృష్టిని మరల్చరాదనిరి. నిజమే. కాని పాఠమెట్టిదో చూడవలెను. మొదటి ప్రతిలో మా సంపాదకులలో ఒకరు పైన చెప్పిన డ్రైవరుగారి మాటను "ఇది బండి బయలుదేరిన చప్పుడు కాదు" అని సవరించిరి. వ్యాకరణము నిలిచినది, మనిషి పోయినాడు. 'గాడీ చాలూ అయిన' అను దానిలో గాడీయు, చాలూయు హిందీ. 'అయిన' యను తెలుగు క్రియ వానిని పట్టి యుంచినది. వెంటనే శ్రీకాకుళపు 'సప్పుడు'. దీనిని సంకరమని త్రోసివేయుట మనకు అలవాటు. అతుకు అందరికి కనబడునట్లు అతికిన పని యిది. తెలియక చెదరినది కాదు. ఆ పెద్దాయనయే మరియొక సంగతి చెప్పిరి: వెనుకటి పట్టాలు 13 మీటర్ల తుండములై, తుండమునకు తుండమునకు నడుమ సందు ఉండెడిదట, చక్రము ఆ సందును దాటునపుడే టకటక పుట్టెడిది. నేడు పొడవుగా వెల్డింగు చేసిన పట్టాలపై బండి నున్నగా పోవుచున్నది. చప్పుడంతయు అతుకులోనే యుండెనన్నమాట. షెఫేర్ రికార్డు చేసికొన్నదియు ఆ అతుకులనే. మూలమును సవరింపక అచ్చువేయుదుమేని, ప్రక్కన నున్నని రేఖాచిత్రము పెట్టుట పొసగదు. ముక్కలు ముక్కలుగానే కనబడు బొమ్మ ఆ పాఠమును ఎట్లు చదువవలెనో పాఠకునికి తెలుపును.

చివరి ప్రతిలో డ్రైవరుగారి మాట యథాతథముగా నిలిచినది. బొమ్మలలో పండ్రెండింటిని చేర్చుటకు అంగీకారము కుదిరినది. మిగిలినది ముద్రాపకునితో పేచీ. ఆయన పంపిన మొదటి ప్రతులలో వెలుతురు ఎదురుగా పడి, కాగితపు అంచులన్నియు అణగి, 'ష్ఠ' వరుస అచ్చయిన పుటవలె చదునుగా కనబడినది. ప్రక్కనుండి దీపము పెట్టి, ప్రతి ముక్క అంచునను సన్నని నీడ పడునట్లు మరల ఛాయాచిత్రములు తీయుమని వ్రాసియున్నాను.