వెళ్ళేవాళ్ళను వెళ్ళనిద్దాం, మిగిలినవాళ్ళ పక్కన కూర్చుందాం



ఫిబ్రవరి 14 వచ్చిందంటే పార్కుల్లో జంటలను పట్టుకుని అక్కడికక్కడే తాళి కట్టిస్తామని బయల్దేరేవాళ్ళున్నారు. ప్రేమ పెళ్ళిళ్ళు మంచివా కావా అని టీవీల్లో గంటలకొద్దీ వాదించేవాళ్ళున్నారు. అదే జంటలో ఒకరు ఆరు నెలలకో మూడేళ్ళకో ‘ఇక నా వల్ల కాదు’ అని తప్పుకుంటే రెండోవాళ్ళ దగ్గరికి వెళ్ళేదెవరు? రూమ్మేట్లు. తోటి బ్యాచ్ వాళ్ళు. పందొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్లలు. అప్పుడేం చెయ్యాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. సినిమాల్లో చూసిందే వాళ్ళకు తెలిసిన విద్య. ఈ కరపత్రం ముందుగా వాళ్ళ కోసం, తర్వాత ఇళ్ళల్లో పెద్దల కోసం, కాలేజీ యాజమాన్యాల కోసం. రాస్తున్నది డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెబుతూ, హాస్టళ్ళు చూసుకుంటూ ఉన్న కొందరం.

మేం అడిగేది ఇదీ: వెళ్ళిపోవాలనుకున్నవాళ్ళు భయం లేకుండా వెళ్ళగలగాలి. మిగిలిపోయినవాళ్ళు ఒంటరిగా పడి ఉండకూడదు. ఈ రెండూ జరిగేలా చూడగలిగింది చుట్టూ ఉన్న స్నేహితులే. ఇవాళ ఈ రెండింటినీ చెడగొడుతున్నది కూడా చాలావరకు ఆ స్నేహితులే.

బాయ్స్ హాస్టల్‌లో ఒక రాత్రి ఎలా గడుస్తుందో చూడండి. నాలుగు రోజులుగా ఆ అమ్మాయి ఫోన్ ఎత్తడం లేదు. సాయంత్రానికి వాట్సాప్‌లో ఆమె ఫొటో మాయమైంది. అంటే బ్లాక్ చేసిందన్నమాట. సంగతి తెలిసి గదిలోకి నలుగురు చేరతారు. ఒకడు క్వార్టర్ సీసాలు తెస్తాడు. ఇంకొకడు బ్లూటూత్ స్పీకర్లో లవ్ ఫెయిల్యూర్ పాటలు పెడతాడు. యూట్యూబ్‌లో వాటికేం కరువు, జానపద బాణీలో అదొక శాఖగానే పెరిగిపోయింది. మూడోవాడు తన ఫోన్ తీసి ‘నన్ను బ్లాక్ చెయ్యలేదు మామా, ఇందులోంచి చూడు’ అని ఆమె ఇన్‌స్టా స్టోరీ చూపిస్తాడు. నాలుగోవాడు ‘రేపు పొద్దున బస్టాప్ దగ్గర అడిగేద్దాం రా, మేమందరం వస్తాం’ అంటాడు. వీళ్ళలో ఒక్కడు కూడా చెడ్డవాడు కాదు. అందరిదీ ప్రేమే. కానీ అర్ధరాత్రికి లెక్క చూస్తే వాడు అన్నం తినలేదు, తాగాడు, ఆ ఫొటో పదేపదే చూశాడు, తెల్లారి నలుగురు మగపిల్లలు కలిసి వెళ్ళి ఒక అమ్మాయి దారికి అడ్డంగా నిలబడబోతున్నారు. ఆ నలుగురూ ఆమె కంటికి ఎలా కనిపిస్తారో ఆ గదిలో ఎవరికీ తట్టదు.

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. వాళ్ళలో ఒకరు ఆసుపత్రిలో చనిపోయారు. నిందితులుగా పోలీసులు పట్టుకున్నది ముగ్గురిని, ఆ ముగ్గురూ కొద్ది రోజుల్లోనే ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. ఆ ఎన్‌కౌంటర్ మీద అప్పట్లో చాలా చర్చ జరిగింది గానీ ఒక సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పోలీసులు చెప్పినదాని ప్రకారం అమ్మాయి కాదన్నది ఒక్కణ్ణే. మిగతా ఇద్దరూ వాడి స్నేహితులు. వాళ్ళలో ఒక్కడు ‘వద్దురా’ అని గట్టిగా అడ్డుపడి ఉంటే ఏం జరిగేదన్నది ఇప్పుడు తేలేది కాదు. కానీ ఇవాళ మీ గదిలో అలాంటి మాట మొదలైతే అడ్డుపడే అవకాశం మీకుంది.

అందుకే స్నేహితులకు మా మొదటి విన్నపం: రాయబారాలు మానండి. ఆమె ఏ బస్సెక్కుతుందో, ఎవరితో మాట్లాడుతోందో మోసుకురాకండి. మీ ఫోన్లోంచి ఆమె ప్రొఫైల్ చూపించకండి. ‘చివరిసారిగా ఒక్కసారి మాట్లాడి వదిలేస్తా’ అని వాడు బతిమాలినా ఆమెను పిలిపించకండి. మాట్లాడాలని పిలిచి దాడి చేశాడన్న ముక్క పేపర్లలో మనం చదవనిది కాదు. ఇవ్వాల్సిన పుస్తకాలో, పరీక్ష ఫీజుకు ఇచ్చిన అప్పో, వస్తువులో ఉంటే ఇద్దరికీ నమ్మకమున్న ఒక్కరు, ఒక్కసారే, పగటిపూట తీసుకెళ్ళి ఇచ్చిరావాలి. ఇద్దరి ఫొటోలు ఫోన్లో ఉంటే అవి ఇంకొకరి చేతికి పోకుండా చూడ్డం కూడా మీ పనే. ఒకరి ఆంతరంగిక చిత్రాలు అనుమతి లేకుండా తీసినా పంపినా ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు. గ్రూపులో ఫార్వర్డ్ చేసినవాడు ‘నేను తియ్యలేదు కదా’ అంటే కుదరదు. స్త్రీ వద్దని స్పష్టం చేశాక కూడా వెంటపడినా, మాట కలపాలని మళ్ళీమళ్ళీ ప్రయత్నించినా, ఆన్‌లైన్‌లో ఆమె మీద నిఘా పెట్టినా భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి శిక్ష పడితే మూడేళ్ళ దాకా, మళ్ళీ చేస్తే అయిదేళ్ళ దాకా. సినిమాలో హీరో రెండో పాట దాకా చేసేది ఇదే.

ఆమె ప్రొఫైల్ చూడనివ్వకండి అనడం చాదస్తం కాదు. అమెరికాలో హెలెన్ ఫిషర్ అనే మానవశాస్త్రవేత్త బృందం, ప్రేమించినవాళ్ళు వదిలేసి వెళ్ళినా వాళ్ళ ధ్యాసలోనే ఉన్న 15 మంది యువతీయువకుల మెదళ్ళను స్కాన్ చేసి 2010లో ఫలితాలు ప్రచురించింది. వెళ్ళిపోయినవాళ్ళ ఫొటో చూపించగానే మాదకద్రవ్యాల యావకు సంబంధించిన భాగాలే చురుకయ్యాయి. విడిపోయి ఎక్కువ రోజులైనవాళ్ళలో, అనుబంధంతో ముడిపడిన ఒక భాగంలో ఆ చురుకు తక్కువగా కనిపించింది. పదిహేను మందితో అన్నీ తేలవు, నిజమే. అయినా హాస్టళ్ళలో మేం చూస్తున్నదానితో ఇది సరిపోతోంది. అర్ధరాత్రి స్టేటస్ చూడ్డమంటే ఎండుతున్న పుండు మీద పొక్కు గిల్లుకోవడమే. కొన్నాళ్ళు రాత్రిపూట ఫోన్ రూమ్మేట్ దగ్గర పెట్టమనండి. పొద్దున మీరే మెస్‌కు లాక్కెళ్ళి నాలుగు ముద్దలు తినిపించండి. ఆమెను తిట్టకండి, ‘దానికన్నా మంచిది దొరుకుతుందిలే’ అనకండి. మొన్నటిదాకా వాడు ప్రాణం పెట్టుకున్న మనిషిని తిడితే వాడికి ఊరట కలగదు, కసి పెరుగుతుంది. ఏడిస్తే ఏడవనివ్వండి. చెప్పిందే పదిసార్లు చెప్పినా వినండి. స్నేహితుడి పని అంతకుమించి పెద్దగా లేదు.

పనిలో పనిగా దేవదాసు సంగతి. గడ్డం, శాలువా, సీసా, పక్కన కుక్క. 1953లో అక్కినేని వేసిన ఆ వేషాన్ని మన కుర్రాళ్ళు ఇంకా మోస్తూనే ఉన్నారు. ఆ సినిమాకు మూలమైన శరత్ కథ చదివితే తెలుస్తుంది, ముందు వెనక్కి తగ్గింది దేవదాసే. రాత్రివేళ ధైర్యం చేసి తన గదికి వచ్చిన పార్వతిని నిలబెట్టుకోలేక, ఊరు విడిచి వెళ్ళి, వద్దని ఉత్తరం రాసింది అతనే. వదిలేసిన మనిషి వదిలేయబడ్డవాళ్ళకు ఇలవేల్పు ఎలా అయ్యాడో మాకు ఇప్పటికీ అంతుపట్టదు. పార్వతి మాత్రం అంత దుఃఖంలోనూ పరాయి ఇంటికి వెళ్ళి, తన ఈడు పిల్లలున్న సంసారాన్ని నడిపింది. ఆమె ఫొటో ఏ గది గోడ మీదా లేదు.

ఇక అమ్మాయిల వైపు. అబ్బాయి వదిలేసి వెళ్ళినప్పుడు ఆమెకు సీసా, స్పీకరు, నలుగురు స్నేహితుల దర్బారు ఉండవు. దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. వార్డెన్ అడిగితే కడుపునొప్పి అంటుంది. ఇంటికి చెబితే చదువు ఆగిపోతుంది, రెండు నెలల్లో ఏదో ఒక సంబంధం ఖాయమవుతుంది. అందుకని ఎవరికీ చెప్పదు. గర్ల్స్ హాస్టల్ అక్కలారా, రెండు పూటలు మెస్‌కు రాని అమ్మాయి గది తలుపు తట్టండి.

అబ్బాయిలు ఇంకో మాట వినాలి. ‘ఒక్క మాట కూడా చెప్పకుండా మాయమైపోయింది’ అని చాలామంది బాధపడతారు. బాధ న్యాయమైనదే. ఎవరు వెళ్ళినా స్పష్టంగా ఒకసారి చెప్పి వెళ్ళాలి, నెలల తరబడి నీళ్ళు నమిలి అవతలివాళ్ళను ఆశ మీద వేలాడదీయడం అన్యాయం. కానీ మన దగ్గర అమ్మాయి నోరు తెరిచి ‘వద్దు’ అంటే ఏం జరుగుతుందోనన్న భయం ఉత్తదేం కాదు. చెబితే ప్రమాదమని మాట్లాడకుండా తప్పుకుంటుంది. చెప్పినా తనకేం కాదన్న నమ్మకం కుదిరిననాడు మొహం మీదే చెబుతుంది. ఆ నమ్మకం కుదిర్చాల్సింది మగపిల్లల బ్యాచ్‌లే.

‘ప్రియుడి ఇంటి ముందు ప్రియురాలి మౌనదీక్ష’ అన్న వార్త మన జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తుంది. గేటుకు తాళం. ఇంట్లోవాళ్ళు ముందురోజు రాత్రే బంధువుల ఊరికి జారుకుంటారు. మెట్ల మీద ఆ అమ్మాయి, పక్కన మహిళా సంఘం వాళ్ళు ఇద్దరు ముగ్గురు, మధ్యాహ్నానికి ఒక షామియానా. సాయంత్రం ఎస్ఐ వచ్చి ఇరువైపులవాళ్ళనూ స్టేషన్‌కు రమ్మంటారు. ఒక్కోసారి అక్కడే, లేకపోతే పక్కనున్న గుళ్ళో పెళ్ళి. ఈ వార్త నవ్వుకుంటూ చదివేవాళ్ళున్నారు. మాకు నవ్వు రాదు. మూడేళ్ళు గుర్తుకు రాని కులం, ఉద్యోగం రాగానే అబ్బాయికి గుర్తొచ్చిన కేసులే వీటిలో చాలా ఉంటాయి. పెళ్ళి చేసుకునే ఉద్దేశమే లేకుండా మాటిచ్చి శారీరక సంబంధం పెట్టుకున్నవాడికి 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న న్యాయ సంహిత 69వ సెక్షన్ పదేళ్ళ దాకా శిక్ష చెబుతోంది. అలాంటి మోసం జరిగితే ఆ దారిన వెళ్ళాల్సిందే, మేం తోడొస్తాం. కానీ మనసు మారడం వేరు, మొదటి నుంచీ మోసం వేరు. షామియానా కింద పోలీసుల మధ్య ఒప్పించిన మొగుడితో ఆ అమ్మాయి ఏ సుఖం పడుతుంది?

తల్లిదండ్రులారా, ఇక్కడే మీ పాత్ర ఉంది. ఆమె ఆ గుమ్మంలో ఎందుకు కూర్చుంది? అతని మీద మోజుతోనేనా? చాలాసార్లు సొంత ఇంటి తలుపు మూసుకుపోయినందుకు. ‘విషయం ఊరంతా తెలిసింది, ఇంక ఏ మొహం పెట్టుకుని వస్తావ్’ అన్నది మీరే. ‘జరిగిందేదో జరిగింది, ఇంటికి రా తల్లీ, అన్నం తిను’ అన్న ఒక్క ఫోన్ కాల్ వెళ్ళి ఉంటే ఆమెకు ఆ మెట్లతో పనిలేదు. కొడుకుల విషయంలో మీరు చేసే పొరపాటు ఇంకోటి, ‘పెళ్ళి చేస్తే వాడే కుదుటపడతాడు’ అని తొందరపడటం. సగం కోలుకున్న మనిషికి కట్టబెట్టేది ఇంకో ఇంటి ఆడపిల్లను.

ప్రాణాల మాట. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో చెప్పింది. అందులో నూటికి నాలుగున్నర, అంటే ఏడున్నర వేలకు పైగా, ప్రేమ వ్యవహారాల కింద నమోదయ్యాయి. మీ స్నేహితుడి మాటల్లో చావు ఊసు వినిపిస్తే మాట మార్చకండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యకండి, పెద్దవాళ్ళలో ఒకరిని పిలవండి. 14416కు ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణాపాయం కళ్ళముందు ఉంటే 112. ప్రయత్నం చేసి బతికినవాళ్ళ మీద కేసు పెడతారన్న భయంతో ఆసుపత్రికి ఆలస్యం చెయ్యకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటివాళ్ళను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగా చూస్తుంది, శిక్షించదు.

చివరగా కాలేజీ యాజమాన్యాలకు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు ఇచ్చింది. అది ప్రేమ కేసు కాదు. కానీ ఆ తీర్పులోని మార్గదర్శకాలు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తిస్తాయి. వందమంది లేదా అంతకన్నా ఎక్కువమంది విద్యార్థులున్నచోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలి. అంతకన్నా చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. టెలీ మానస్ లాంటి నంబర్లు హాస్టళ్ళలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలి. మీ కాలేజీలో ఉన్నాయా? చాలాచోట్ల ఉన్నది కాగితం మీద కౌన్సెలర్. తీరా చూస్తే ఆయన ఇంగ్లిష్ లెక్చరరో, డిసిప్లిన్ కమిటీ మెంబరో. పిల్లవాడు వెళ్ళి మనసు విప్పితే సాయంత్రానికి వాళ్ళ నాన్నకు ఫోన్ వెళుతుంది. ఇంకోసారి ఆ గదికి ఎవరు వెళతారు?

మాకు కావలసింది ఇది. కౌన్సెలర్‌కు వేరే బాధ్యతలు ఉండకూడదు, హాజరు, మార్కులు, క్రమశిక్షణతో సంబంధం ఉండకూడదు. ప్రాణాపాయం ఉంటే తప్ప విన్నది ఇంటికీ ప్రిన్సిపాల్‌కూ చేరకూడదు. ప్రతి హాస్టల్ అంతస్తులో ఇద్దరు సీనియర్లకు, ఏడిచే మనిషి పక్కన ఎలా కూర్చోవాలో, ఎప్పుడు పెద్దలను పిలవాలో సెమిస్టర్ మొదట్లోనే నేర్పాలి. ఒక అమ్మాయి ‘నా వెంటపడుతున్నాడు’ అని చెబితే, ‘నువ్వెందుకు మాట్లాడావు’ అన్న ప్రశ్న రాకుండా ఫిర్యాదు తీసుకోవాలి. వచ్చే సెమిస్టర్ క్లాసులు మొదలయ్యేలోగా ఈ ఏర్పాట్లు చెయ్యమని ప్రతి కాలేజీలో విద్యార్థులు సంతకాలు సేకరించి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. కౌన్సెలర్ గది ప్రిన్సిపాల్ చాంబర్ పక్కన వద్దని, లోపలికి వెళ్ళేవాళ్ళు ఆఫీసులో అందరికీ కనబడకుండా లైబ్రరీ వెనకో, మెడికల్ రూమ్ వైపో ఇవ్వమని అందులో తప్పకుండా రాయండి.