సైగ చేయువాఁ డొక్కఁడే యుండవలెను

వరికోతలనాఁడు ట్రాక్టరు తన ట్రాలీని ధాన్యపురాశి చెంతకు వెనుకకు నడుపునపుడు మన కళ్లములలో జరుగునదేమి? నలుగురు చుట్టుఁజేరి "రానీ, రానీ" యని యొకరు, "ఎడమకు" అని యొకరు కేకలు వేయుదురు. ఇంజను మ్రోఁతలో డ్రైవరునకు ఏ మాటయుఁ దెలియదు. నిండిన ట్రాలీ వెనుక నున్న పసివాఁడు అతనికిఁ గానరాఁడు.

కావున సైగ చేయువాఁ డొక్కఁడే యుండవలెను. అతఁడు ట్రాలీకి సూటిగా వెనుకఁ గాక, ప్రక్కగా, డ్రైవరు కంటికిఁ గనఁబడుచోట నిలువవలెను. సైగల నిరువురును ముందే యొప్పుకొనవలెను. అతఁడు కనుమరుఁగైన మరుక్షణమే బండి నాపవలెను. ఆఁగుమను సైగ మాత్రము కూలివాఁడు చేసినను, పిల్లవాఁడు చేసినను చెల్లును. ట్రాలీని తగిలించునపుడు నడుమ దూఱి నిలుచుటను మనవారు శౌర్యముగా నెంచుచున్నారు! బండి పూర్తిగా నిలిచిన పిదపనే కొక్కెము దగ్గఱకుఁ బోవలెను.

1983 నాఁటి ప్రమాదకర యంత్రముల చట్టము ప్రధానముగా నూర్పుయంత్రముల నుద్దేశించినది. ట్రాలీని గూర్చిన జాగ్రత్త మనమే పడవలెను. యంత్రముల నద్దెకిచ్చు సంఘములు సైగ చేయువాని కూలినిగూడ అద్దెలోనే చేర్చవలెనని నా యభిప్రాయము. అది భారమని కొందఱు సభ్యు లందురు. కళ్లమునందలి వారిలోనే యొకనిని ముందుగా నియమించినచో నా కూలియుఁ దప్పును. అయితే యా వేళ వానికి వేఱొక పని చెప్పరాదు.