పగిలేది నేల మీదే పగలనివ్వండి

బెంగళూరులోని మా వర్తూరు అపార్ట్‌మెంట్లలో తెలుగు వాళ్లు నలుగురు చేరితే ఒకరైనా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉంటారు. రిలీజ్ తేదీ ముంచుకొస్తే ముందు కోత పడేది టెస్టింగ్‌కేనని వాళ్ల గోడు. మనుషులను కక్ష్యలోకి పంపాల్సిన గగన్‌యాన్ ఇంకా ఎగరలేదేమని నిలదీసే వాళ్లలోనూ మళ్లీ వాళ్లే ముందుంటారు!

కక్ష్య నుంచి దిగే నౌక గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి చొరబడుతుంది. ముందున్న గాలి నలిగి వేల డిగ్రీలకు కాగుతుంది. ఆ సెగను ఓర్చుకోవడం మనకు కొత్త కాదు. 2007 జనవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన 550 కిలోల ఇస్రో నౌక ఎస్‌ఆర్‌ఈ-1, సిలికా పలకల రక్షణతో 12 రోజులకు బంగాళాఖాతంలో క్షేమంగా దిగింది. అయితే అందులో మనుషుల్లేరు.

ఆ సెగను నేల మీద పుట్టించడమే అసలు కష్టం. నగరానికి అటు వైపున్న ఐఐఎస్‌సీలో షాక్ టన్నెల్ ఉంది. గొట్టంలో ఒక వైపు హీలియంను అధిక పీడనంతో నింపుతారు. అడ్డంగా బిగించిన లోహపు రేకు ఫట్‌మని పగలగానే, ధ్వనికి ఎన్నో రెట్ల వేగంతో వాయువు నౌక నమూనాను తాకుతుంది. అంతా సుమారు ఒక మిల్లీసెకను! ఎక్కడ ఎంత సెగ తగులుతుందో దీంతో తెలుస్తుంది గానీ, పలక ఎంతసేపు తట్టుకుంటుందో తెలియదు. అందుకు విద్యుత్ ఆర్క్‌తో వాయువును కాచే ప్లాస్మా టన్నెల్ కావాలి. అది తిరువనంతపురంలోని ఇస్రో కేంద్రం వీఎస్‌ఎస్‌సీలో ఉంది. వేగం, పీడనం, సెగ, వ్యవధి అన్నీ కలిపి చూపే యంత్రం మాత్రం ఎక్కడా లేదు.

గట్టిగా కాల్చి చూస్తే చాలనుకోవడానికీ లేదు. 2022 డిసెంబరులో చంద్రుణ్ని చుట్టి వచ్చిన నాసా ఓరియన్ నౌక ఉష్ణ కవచం వందకు పైగా చోట్ల పెచ్చులూడింది. నేల మీద అంతకంటే ఎక్కువ సెగ పెట్టే పరీక్షించారు. ఆ సెగకు పైపొర త్వరగా బొగ్గై, లోపలి వాయువులకు దారి ఇచ్చింది. అసలు ప్రయాణంలో సెగ మధ్యలో తగ్గడంతో వాయువులు లోపలే చిక్కి పొరను పగలగొట్టాయి. ఈ గుట్టు కూడా చివరికి నేల మీది పరీక్షలోనే బయటపడింది.

2003 ఫిబ్రవరి 1న నాసా స్పేస్ షటిల్ కొలంబియా తిరిగి వస్తూ కూలి కల్పనా చావ్లా సహా ఏడుగురు చనిపోయారు. ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క తగిలితే రెక్క అంచు పలకకు ఎంత పెద్ద రంధ్రం పడుతుందో తేల్చిన పరీక్ష ఆ జులైలో జరిగింది. ముందే జరగాల్సిన పరీక్ష అది.

కాబట్టి ఇస్రోను తేదీ అడగడం మానేద్దాం. ఎన్ని పలకలు కాల్చారు, ఎన్ని పగిలాయి, ఎందుకు పగిలాయి అని అడుగుదాం. ఆ లెక్కలు ప్రజల ముందు పెట్టాలి. మనుషులు ఎక్కే నౌక విషయంలో ఆలస్యం నామోషీ కాదు, తొందరే నేరం.