ఐదేళ్లకి 30 గంటలు

బాక్స్ క్రికెట్‌లో రెండో పరుగుకి తిరగబోయాను. పాదం టర్ఫ్ మీదే ఉండిపోయింది, మోకాలు మాత్రం తిరిగింది. టప్‌మని చప్పుడు. ఎమ్మారైలో తేలింది: ఏసీఎల్ తెగింది.

ఆపరేషన్ అయ్యాక నేనడిగింది మీరైనా అడిగేదే. "డాక్టర్ గారూ, మళ్లీ ఎప్పుడు ఆడొచ్చు?"

"ఒకప్పుడైతే ఆర్నెల్లు అనేసేవాణ్ని. ఇప్పుడు 9 నెలల లోపు ఆట మాటెత్తకు. ఆ తర్వాత కూడా ఒంటికాలి మీద గెంతించి, రెండు కాళ్ల బలం కొలిచాకే చెప్తా" అన్నారు. తొందరపడి దిగినవాళ్లకి మళ్లీ దెబ్బ తగిలే అవకాశం ఎక్కువట. ఆయన చదువుకునే రోజుల్లో ఈ లెక్కలు లేవు. తర్వాత ఓ వర్క్‌షాప్‌లో తెలిసిందట.

ఐసు సంగతే చూడండి. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం... ఈ నాలుగింటికీ 1978లో 'రైస్' అని పేరు పెట్టిన డాక్టర్ గేబ్ మిర్కినే, ఐసు వల్ల దెబ్బ మానడం ఆలస్యం కావొచ్చని తర్వాత రాశారు. మా గ్రౌండ్‌లో మాత్రం ఇంకా 1978 వెర్షనే నడుస్తోంది!

మన దేశంలో 2002 నాటి వైద్య నియమావళి డాక్టర్లని ఐదేళ్లలో కనీసం 30 గంటలు ఇలాంటి క్లాసులకి వెళ్లమంటోంది. అంటే ఏడాదికి 6. కొత్త ఫ్రేమ్‌వర్క్ వస్తే నేను ఒక్క వీకెండ్‌లోనే అంతకన్నా ఎక్కువసేపు కూర్చుంటా. నా కోడ్ తప్పితే యాప్ క్రాష్ అవుతుంది, అంతే.

"హాల్లో కునుకు తీసినా గంట గంటేనయ్యా" అని నవ్వారాయన.

నాకిప్పుడు ఏడో నెల. శనివారం మ్యాచ్‌కి గ్రూపులో పేర్లు అడుగుతున్నారు. స్కోరర్‌గా నా పేరిచ్చాను.